గజ్జెల రంపం

ఒక పెద్ద అడవిలో బడి ఉండేదంటే మీరు నమ్మకపోవచ్చు. ఆ బడికి ఒక వర్క్‌షాప్ కూడా ఉండేదంటే అసలే నమ్మరు. కానీ ఉండేది. కప్పుకి రేకుల బదులు తాటాకులు, బెంచీల బదులు మొద్దులు, అంతే తేడా. గంట కొట్టడానికి కొండముచ్చు, ఆ గంట వినబడనట్టు నటించడానికి పిల్లలు, ఏ బడిలోనైనా ఉండే సరంజామా అంతా అక్కడా ఉంది.

ఎనిమిదో తరగతి పిల్లలకు వారానికి మూడు రోజులు ఆ వర్క్‌షాప్‌లో చేతిపని నేర్పేవారు. చేతులంటే ఇక్కడ కాళ్ళు, ముక్కులు, తొండాలు, తోకలు, ఎవరికి ఏవి ఉంటే అవి. రంపం, ఉలి, సుత్తి, చిత్రిక, చెక్కకు చిల్లులు పెట్టే బర్మా, అన్నీ చిన్నా పెద్దా సైజుల్లో గోడకు వేలాడుతుండేవి. కొట్టం చీకటి, పనిముట్లు నల్లగా మసిబారినవి, కానీ అన్నిటికీ పదునుంది.

తాయారు ఆ తరగతిలోనే చదివేది. తాయారు గిజిగాళ్ళ పిల్ల. గిజిగాళ్ళంటే తెలుసు కదా, రెల్లు పోచలతో సంచుల్లాంటి గూళ్ళు అల్లి చెట్టుకొమ్మలకు వేలాడదీసే పిట్టలు. వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. గూడు కట్టేది మగవాడు. ఆడది వచ్చి చూస్తుంది. లోపలికి దూరుతుంది, గోడ పట్టి లాగుతుంది, అడుగు తన్నుతుంది, "ఎడమపక్క వదులు" అని పెదవి విరిచి వెళ్ళిపోతుంది. పెదవి లేకపోయినా విరుస్తుంది. పాపం ఆ మగవాడు అంతా పీకి మళ్ళీ మొదలుపెడతాడు. వంక పెట్టడంలో గిజిగాళ్ళ ఆడవాళ్ళను మించినవాళ్ళు ఆ అడవి మొత్తం మీద లేరు.

తాయారుకు వంక పెట్టడం పుట్టుకతో వచ్చింది. కానీ దానికి కట్టాలని ఉండేది. వాళ్ళమ్మ దృష్టిలో అదొక జబ్బు.

"ఏమే, మీ అన్న చలపతి కడుతున్నాడు కదా, నువ్వు చూసి బాగాలేదని చెప్తే సరిపోదూ?" అనేది అమ్మ.

"బాగాలేదని చెప్పి చెప్పి విసుగొచ్చిందమ్మా. నేను కట్టిందాన్ని ఇంకొకరు బాగాలేదంటే వినాలనుంది."

"ఇదేం కోరికే తల్లీ!" అని అమ్మ నిట్టూర్చి, చలపతి కట్టిన గూటిని అలవాటు కొద్దీ ఒక తన్ను తన్నింది.

బడిలో ఒక నియమం ఉండేది. ఏడాది చివర్లో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఒక వస్తువు చేసి చూపించాలి. మొదటి గాటు నుంచి చివరి మేకు దాకా అంతా సొంతంగా చెయ్యాలి. ఇంకొకరి చెయ్యి ఒక్కసారి పడ్డా ఆ వస్తువు చెల్లదు. నెగ్గినవాళ్ళకు మేస్త్రి పట్టా. నెగ్గనివాళ్ళను అలంకరణ శాఖలో వేసేవారు. అక్కడ అడవి మండలి మీటింగులకు జీవితాంతం తోరణాలు కట్టాలి. తోరణాలు కట్టడం తప్పు పనేం కాదు. కట్టాలని లేనివాళ్ళకు మాత్రం అది జైలు.

పదకొండేళ్ళుగా ఆ బడిలో ఒక్క ఆడపిల్లకూ పట్టా రాలేదు.

దానికి కారణం చెడ్డవాళ్ళెవరూ కాదు. అదే అసలు చిక్కు. దానికి కారణం వీరాచారి మాస్టారు. ఆయన వడ్రంగి పిట్ట, నెత్తిన ఎర్రటి జుట్టు, గుండెనిండా దయ. మగపిల్లలు సుత్తితో కాలి వేలు చితక్కొట్టుకుంటే, "తగలనీ నాయనా, తగిలితేనే వస్తుంది" అని అటు తిరిగి కునుకు తీసేవారు. ఆడపిల్ల ఉలి పట్టుకుంటే మాత్రం ఆయన మనసు కరిగిపోయేది.

"ఇలా తే తల్లీ."

"నేనే చేస్తాను మాస్టారూ."

"అయ్యో, చెయ్యవద్దన్నానా? నువ్వే చెయ్యి. ఈ ఒక్క మూల నేను చూసిస్తాను. చూడు, ఇలా. తరవాత ఇలా. ఇదిగో అయిపోయింది! నీ పీట ఎంత బాగా వచ్చిందో చూడు!"

తాయారు ఆ ఏడాది అలా ఆరు పీటలు మొదలుపెట్టింది. ఆరూ మాస్టారే పూర్తిచేశారు. ఏడోసారి ముక్కుకు ఉలి కట్టేసుకుని కూర్చుంటే, "ఎవరమ్మా ఈ పసిదాన్ని ఇలా కట్టేసిందీ" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని ముడి విప్పారు. అంత మంచివాడితో ఎవరు పోట్లాడతారు?

పరీక్ష రోజు పరీక్షకులు ఒక్కొక్కరినే బడి పక్క గుహలోకి పిలిచి, "ఇదంతా నువ్వే చేశావా?" అని అడిగేవారు. ఆడపిల్లలు అబద్ధం ఆడలేక, "చివర్న మాస్టారు చేశారండీ" అనేవారు. అంతే, ఫెయిల్. గుహ బయట వీరాచారి మాస్టారు, "పిల్లలు లోపల భయపడిపోయి ఉంటారు" అని వాళ్ళతో పాటు ఏడ్చేవారు. ఒక్క మూల చూసివ్వడం కూడా చెయ్యి పడ్డట్టేనని ఆయనకు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఒక్క సింహాద్రి మాత్రం ఆయన దయకు అందలేదు. సింహాద్రి ఏదుపంది పిల్ల, తాయారుకు ప్రాణ స్నేహితురాలు. మాస్టారు "ఇలా తే తల్లీ" అని దగ్గరికి రాగానే దానికి సిగ్గేసేది. ఏదుపందికి సిగ్గేస్తే ముళ్ళు లేస్తాయి. మాస్టారు రెండుసార్లు గుచ్చుకుని, మూడోసారి దూరం నుంచే ఆశీర్వదించారు. ఆ ధర్మమా అని సింహాద్రి ఒక పీటను మొదటి నుంచి చివరిదాకా తనే చేసింది. దాని మూడు కాళ్ళు మూడు ఎత్తులు, కానీ అది నిలబడింది.

"నీకేమే, ముళ్ళున్నాయి" అంది తాయారు కుళ్ళుకుంటూ.

"ఒక నాలుగు పీక్కో, నీకూ గుచ్చుకుంటాను" అంది సింహాద్రి.

తాయారు మనసులో చెయ్యాలనుకున్నది పీట కాదు, వంతెన. బడికీ గుట్టకీ మధ్య ఒక పిల్లవాగు ఉంది. వానాకాలం అది పొంగితే రెక్కలు లేని పిల్లలు బడికి రాలేరు. సింహాద్రి ఏటా నెల్లాళ్ళు గుట్ట మీదే కూర్చుని, అవతలి నుంచి తాయారు అరిచి చెప్పే పాఠాలు వింటూ చదువుకునేది. ఈతనార తాళ్ళు పేని, వాటికి చెక్క పలకలు గుచ్చి, వాగు మీద వేలాడే వంతెన అల్లాలని తాయారు ఆలోచన.

"రెక్కలున్న దానివి, నీకు వంతెన దేనికే?" అని నవ్వాడు చలపతి, వాడూ అదే తరగతి.

"సింహాద్రికి లేవు కదరా."

సరే, కథ ఇలా నడుస్తుండగా అడవి మండలి పెద్ద గజలక్ష్మమ్మ గారి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆవిడ ఏనుగు. ముక్తసరి మనిషి. "పదకొండేళ్ళుగా ఒక్క ఆడపిల్లకూ పట్టా రాలేదేం? ఈసారి పరీక్షకు నేనే వస్తున్నాను." అంతే ఉంది అందులో.

హెడ్మాస్టరు భల్లూకేశ్వరరావు గారు ఎలుగుబంటి. ఉత్తరం చదివి ఆయన ఒళ్ళంతా చెమటలు పట్టాయి. హెడ్మాస్టర్లకు చెమటలు పడితే కమిటీలు పుడతాయి. ఆ మధ్యాహ్నానికే "వర్క్‌షాప్‌లో ఆడపిల్లల వెనుకబాటు నివారణ కమిటీ" పుట్టింది.

చైర్మన్ నెమలి మయూరనాథం గారు. సభ్యులు అడవికోడి పుంజు పైడిరాజు గారు, దుప్పి శేషగిరి గారు. కమిటీ ఆడవాళ్ళ గురించి కాబట్టి ఒక మహిళ కూడా ఉండాలని ఎవరికో గుర్తొచ్చింది. వెంటనే తాబేలు వెంకాయమ్మ గారికి కబురు పెట్టారు. ఆవిడ వెంటనే బయల్దేరారు కూడా.

ఆవిడ వచ్చేలోగా కమిటీ పని కానిచ్చేసింది.

"సమస్య మూలం నాకు తెలుసు" అన్నారు శేషగిరి గారు కొమ్ములు ఎగరేసి. "ఆడపిల్లలకు కొమ్ముల్లేవు. తలలో బరువు లేకపోతే పనిలో పట్టు ఎలా వస్తుంది?"

"కాదండీ, తెల్లారే లేచి కూతపెట్టరు. అక్కడే వెనకబడిపోతున్నారు" అన్నారు పైడిరాజు గారు.

మయూరనాథం గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆ తరవాత పురి విప్పారు. ఆయనకు ఆలోచన వస్తే పురి దానంతటదే విచ్చుకుంటుంది.

"అందం!" అన్నారు. "ఆ కొట్టం చూశారా? నల్లటి సుత్తులు, నల్లటి రంపాలు. ఒక రంగు లేదు, ఒక తళుకు లేదు. అలాంటి చోట నేనైతే ఒక్క నిమిషం నిలబడలేను. నేనే నిలబడలేనప్పుడు ఆడపిల్లలు ఎలా నిలబడతారు?"

ఈ తర్కానికి సభ్యులిద్దరూ ముగ్ధులైపోయారు.

"ఆడపిల్లల అభిప్రాయం కూడా తీసుకుంటే రిపోర్టు నిండుగా ఉంటుంది" అన్నారు హెడ్మాస్టరు గారు. అలా తాయారును లోపలికి పిలిచారు.

తాయారు కమిటీ ముందుకొచ్చి నిలబడింది. ఎలాగైనా ఈ ఒక్క మాట చెప్పేయాలనుకుంది.

"అయ్యా, పనిముట్లు బాగానే ఉన్నాయండీ. కానీ అవి మా చేతిలో..."

"బరువుగా ఉన్నాయి. రాసుకోండి" అన్నారు మయూరనాథం గారు.

"కాదండీ, మా చేతిలో ఎక్కువసేపు..."

"ఎక్కువసేపు పట్టుకోలేకపోతున్నారు. పాపం! రాసుకోండి."

"మమ్మల్ని చెయ్యనిస్తే చాలండీ!"

"చూశారా, ఎంత వినయమో! తనకేం కావాలో కూడా అడగలేకపోతోంది. ఉండమ్మా, నీ తరఫున నేనే అడుగుతాను." ఆయన అటు తిరిగి తనను తానే అడిగారు. ఇటు తిరిగి తనే మంజూరు చేశారు.

తాయారు బయటికొచ్చి సింహాద్రి పక్కన కూలబడింది. "నేను మాట్లాడానే. మాట్లాడినంతసేపూ ఆయనే మాట్లాడారు" అంది. దానికి ఏడుపొచ్చింది. పరీక్షకు నలభై రోజులు కూడా లేవు. పూర్తిగా తను చేసిన వస్తువు ఒక్కటీ లేదు. తోరణాలు కళ్ళముందు వేలాడుతున్నాయి.

పది రోజుల్లో కొత్త వర్క్‌షాప్ లేచింది. దాని పేరు "సౌందర్య పనిశాల". గోడలకు పసుపు, గులాబీ, ఆకుపచ్చ రంగులు. సుత్తులకు పట్టుకుచ్చులు. ఉలులకు పూసలు. రంపాలకు గజ్జెలు. దెబ్బ తగిలితే నొప్పి పుట్టకుండా సుత్తి తలకు దూదితో చిన్న మెత్త. ఇక నాలుగు గోడల నిండా నిలువుటద్దాలు, ఎందుకంటే అద్దం లేని గదిలో ఆడవాళ్ళు ఉండలేరని మయూరనాథం గారి స్వానుభవం.

పైడిరాజు గారు కూత పెట్టి ప్రారంభోత్సవం చేశారు. సరిగ్గా అప్పుడే వెంకాయమ్మ గారు కమిటీ మొదటి సమావేశానికి వచ్చి చేరారు.

"ఏమిటి నాయనా చర్చ?" అన్నారు ఆయాసపడుతూ.

"ఏకగ్రీవంగా ఆమోదించామమ్మా, ఇక్కడ కాలి ముద్ర వెయ్యండి" అన్నారు హెడ్మాస్టరు గారు. ఆవిడ కళ్ళజోడు లేదని మొత్తుకుంటుండగానే వేయించారు.

ఆడపిల్లలు ఇరవై రెండు మందీ లోపలికి వెళ్ళారు. తాయారు ఒక రంపం తీసి చెక్క మీద పెట్టి లాగింది. ఘల్లుఘల్లుమంది. కుందేలు పిల్ల ఎవరో వస్తున్నారని బెదిరి బల్లకింద దూరింది. సింహాద్రి సుత్తి ఎత్తి మేకు మీద కొట్టింది. మెత్త సుత్తి, "బఫ్" అంది. మేకు కదల్లేదు. ఇంకోటి కొట్టింది. బఫ్. ముంగిస పిల్ల పూసల ఉలి పట్టుకుంటే అది జర్రున జారి శేషగిరి గారి కాళ్ళ మధ్యగా ఎగిరిపోయింది.

"అలవాటు పడతారు, అలవాటు పడతారు" అంటూ ఆయన నాలుగు కాళ్ళూ ఒకేసారి పైకెత్తారు.

ఇక్కడ కమిటీ ఒక చిన్న సంగతి మరిచిపోయింది. అడవిలో ఆడవాళ్ళందరూ ఏ రంగులో ఉంటారు? నెమలిపెట్ట మట్టి రంగు. కోడిపెట్ట బూడిద రంగు. తాయారు ఎండుగడ్డి రంగు. అడవిలో తళుకుబెళుకులన్నీ ఎవరికి? పురి విప్పేదెవరు, తురాయి ఊపేదెవరు, కొమ్ములు మెరుగుపెట్టుకుని మడుగులో నీడ చూసుకునేదెవరు? ఏ పిట్టపిల్లనడిగినా చెప్పేది. కానీ కమిటీ ఏ పిట్టపిల్లనూ అడగలేదు. ఒకదాన్ని అడిగినా విన్లేదు.

మొదటి రోజే కిటికీ దగ్గర మయూరనాథం గారి అబ్బాయి కనిపించాడు. "ఊరికే చూసి పోతాను" అన్నాడు. లోపలికొచ్చి అద్దంలో తోక చూసుకున్నాడు. ఎడమనుంచి చూసుకున్నాడు. కుడినుంచి చూసుకున్నాడు. మర్నాటికి పుంజుపిల్లలు నలుగురు. ఆ మర్నాడు దుప్పి కుర్రాళ్ళు. చలపతికి అప్పుడే నెత్తిన పసుపు రంగు వస్తోంది, వాడు అద్దం ముందు నుంచి అన్నానికి కూడా కదల్లేదు.

"ఒరేయ్, ఇది ఆడపిల్లలదిరా!" అంది తాయారు.

"ఉండవే, ఈ గజ్జెలు నా కాలికి సరిపోతాయేమో చూస్తున్నాను" అన్నాడు చలపతి.

వారం తిరిగేసరికి మగపిల్లలంతా అక్కడే. కమిటీ సభ్యులు తనిఖీ పేరు చెప్పి పొద్దున్న వచ్చేవారు, సాయంత్రానికి వెళ్ళేవారు. శేషగిరి గారు కొమ్ములకు పట్టుకుచ్చులు కట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు ఎప్పుడూ దువ్వుకోనివారు, పాపిడి తీశారు.

"వీళ్ళను క్రమశిక్షణలో పెట్టి వస్తానమ్మా" అని వీరాచారి మాస్టారు వెళ్ళారు. ఆయన జీవితంలో అప్పటిదాకా తన ఎర్ర జుట్టును తను చూసుకోలేదు. అద్దంలో ఒక్కసారి చూసుకుని, "ఓరి!" అన్నారు. ఆ తరవాత ఆయన నుంచి కబురు లేదు.

పాత కొట్టం ఖాళీ అయిపోయింది. నల్లటి రంపాలు, నల్లటి సుత్తులు గోడకు అలాగే ఉన్నాయి. ఇరవై రెండు మంది ఆడపిల్లలు గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ లేరు. "ఇలా తే తల్లీ" అనే గొంతు లేదు. తాయారు పోయి అన్నిటికంటే పదునైన ఉలి తీసుకుంది. అటూ ఇటూ చూసింది. ఎవరూ లాక్కోలేదు.

అప్పుడు దానికి ఎంత సంతోషమేసిందో, అంత భయమూ వేసింది. ఇన్నాళ్ళూ చివరి మూల మాస్టారు చేశారు. చివరి మూల ఎలా చెయ్యాలో దానికి నిజంగానే తెలీదు.

మొదటి పలక అడ్డంగా చీలింది. రెండో పలక నిలువునా చీలింది. బర్మా తిప్పితే చెక్కతో పాటు తాయారు కూడా గిర్రున తిరిగింది. ముంగిస పిల్ల తలుపు గడియ చేస్తూ తన తోకను మేకుతో బిగించుకుంది. సింహాద్రి మాత్రం వెనకటి పీటకు నాలుగో కాలు పెడదామా వద్దా అని దాని చుట్టూ తిరుగుతోంది. కొట్టమంతా పొట్టు, కేకలు, తుమ్ములు, నవ్వులు. ఆ పదిహేను రోజులు వాళ్ళు చేసినన్ని తప్పులు ఆ బడిలో మగపిల్లలు పదకొండేళ్ళలో కూడా చేసి ఉండరు. తప్పులన్నీ వాళ్ళవే, అదీ ఆ సంబరం.

పదహారో రోజు తాయారు తాళ్ళు పేని, పలకలు గుచ్చి, వంతెనను వాగు మీద కట్టింది. వాళ్ళమ్మ చూడ్డానికొచ్చింది. చూసి ఊరుకునే వంశమా అది? వంతెన మీద వాలింది. అటు లాగింది, ఇటు లాగింది, మధ్యలో ఒక తన్ను తన్నింది. మూడు పలకలు ఊడి వాగులో పడ్డాయి.

"మధ్యలో వదులు" అంది అమ్మ.

తాయారు ఏడవలేదు. ఎగిరి గంతేసింది. "అమ్మా, నాది బాగాలేదన్నావే!" అని అమ్మ చుట్టూ మూడు చుట్లు తిరిగి, మళ్ళీ కూర్చుని అల్లింది. మర్నాడు పిన్ని వచ్చి, "కుడి పక్క ముడి మీద ముడి పడాలే" అంది. ఆ మర్నాడు మేనత్త వచ్చింది. ముసలి అమ్మమ్మ రెక్కలాడకపోయినా వచ్చి, ఒక్క తాడు వేలితో మీటి, "తడిస్తే సాగుతుంది" అని వెళ్ళిపోయింది. కట్టడం ఎవరికీ రాదు, కానీ ఎక్కడ తెగుతుందో ప్రతివాళ్ళకూ తెలుసు. వేయి గూళ్ళు తన్ని చూసిన కాళ్ళు అవి. చివరికి పరీక్షకు ముందురోజు అమ్మ మళ్ళీ వచ్చి, బలంకొద్దీ తన్ని, తన కాలే పట్టుకుని, "ఊఁ, పరవాలేదు" అంది. గిజిగాళ్ళ ఆడవాళ్ళు ఆ మాట అనడం తాయారు అదే మొదటిసారి వినడం. చలపతి పుట్టాక ఒక్కసారి కూడా వినలేదు.

పరీక్ష రోజు గజలక్ష్మమ్మ గారు వచ్చారు. వంతెన గుహలోకి రాదు కాబట్టి, ఈసారి పరీక్ష వాగు ఒడ్డున, అందరి ముందూ పెట్టమన్నారు. జనం మూగారు. మగపిల్లలు సౌందర్య పనిశాల నుంచి గజ్జెలు మోగిస్తూ వచ్చారు. ఒక్కొక్కడు ఎంత బాగున్నాడో చెప్పలేం. వస్తువు మాత్రం ఒక్కడి చేతిలోనూ లేదు.

తాయారు తన వంతెన పక్కన నిలబడింది. అప్పుడు వెనకనుంచి ఒక తియ్యటి గొంతు వినిపించింది.

"ఎంత బాగా అల్లావమ్మా! ఆ ఎడమ గుంజ మీద మేకు కాస్త పైకుంది చూడు. ఇలా తే తల్లీ, ఒక్క దెబ్బ వేసిస్తాను."

వీరాచారి మాస్టారు! అద్దం విడిచి వచ్చేశారు. అంత దయతోనూ ముక్కు ఎత్తారు. ఆ ఒక్క దెబ్బ పడితే అంతా అయిపోయినట్టే. తాయారు ఎగిరి సరిగ్గా ఆ మేకు మీద వాలింది. దెబ్బ పడితే తన నెత్తినే పడాలి.

"వద్దు మాస్టారూ!"

"అదేంటమ్మా?"

"మీరు తాకితే నేను ఫెయిలండీ."

మాస్టారి ముక్కు గాల్లోనే ఆగిపోయింది. ఆయన తాయారు వంక చూశారు, గజలక్ష్మమ్మ గారి వంక చూశారు, ఇరవై రెండు మంది ఆడపిల్లల వంకా చూశారు. ఒక్కళ్ళూ తలెత్తలేదు.

"మరి... ఇన్నాళ్ళూ?" అన్నారు మెల్లిగా.

"ఇన్నాళ్ళూ మేం ఫెయిలే కదా మాస్టారూ."

తాయారు ఆయన ముఖం చూడలేకపోయింది. కానీ మేకు మీంచి దిగలేదు. మాస్టారు నిదానంగా ముక్కును రెక్కకింద దాచుకుని, నాలుగడుగులు వెనక్కి వేశారు. తరవాత ఎందుకైనా మంచిదని ఇంకో పది అడుగులు వేశారు.

తాయారు సుత్తి తీసుకుని ఆ మేకును తనే కొట్టింది. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండోది సరిగ్గా పడింది.

"ఎవరు నడుస్తారు?" అన్నారు గజలక్ష్మమ్మ గారు.

"నేను!" అని సింహాద్రి ముందుకొచ్చేలోగా మయూరనాథం గారు అడ్డం వచ్చారు. ప్రారంభోత్సవమంటే చైర్మన్ లేకుండా ఎలా? ఆయన వంతెన మధ్యకు వెళ్ళి, జనం చూస్తున్నారు కదా అని పురి విప్పారు. సరిగ్గా అప్పుడే గాలి వచ్చింది. పురి గాలిని పట్టుకుంది. వంతెన అటు ఊగింది, ఇటు ఊగింది, ఒక దశలో చైర్మన్ గారు ఆకాశంలో ఉన్నారు, మరో దశలో నీళ్ళను తాకుతున్నారు.

"కమిటీ! కమిటీ!" అని ఆయన కేకలు పెట్టారు. కమిటీ సభ్యులు కాపాడబోయి తామూ ఎక్కారు. శేషగిరి గారి పట్టుకుచ్చులు పైడిరాజు గారి తురాయికి చిక్కుకున్నాయి. హెడ్మాస్టరు గారు ఎక్కారు. ఎలుగుబంటి బరువంతా పడింది. తాళ్ళు కిర్రుమన్నాయి. గిజిగాళ్ళ ఆడవాళ్ళందరూ ఊపిరి బిగబట్టి మధ్య ముడిని చూశారు. ముడి మీద ముడి బిగుసుకుంది తప్ప జారలేదు. నలుగురూ ఒకరి మీద ఒకరు పడుతూ, మూడు నెమలీకలు వాగుకు సమర్పించి, క్షేమంగా అవతలి ఒడ్డు చేరారు. వాళ్ళ వెనకే సింహాద్రి నింపాదిగా నడిచి వెళ్ళి, అవతలి నుంచి, "ఒసే తాయారూ, వచ్చేశానే!" అని అరిచింది.

"ఇదంతా నువ్వే చేశావా?" అన్నారు గజలక్ష్మమ్మ గారు.

"మొత్తం నేనేనండీ. తప్పులు కూడా నేనే చేశానండీ" అంది తాయారు. దానికి ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు.

ఇరవై రెండు మంది ఆడపిల్లల్లో పంతొమ్మిది మందికి పట్టాలు వచ్చాయి. మిగతా ముగ్గురు సొంతంగా ఫెయిలయ్యారు, అదీ ఆ బడి చరిత్రలో మొదటిసారే. మగపిల్లలందరినీ నియమం ప్రకారం అలంకరణ శాఖలో వేశారు. ఏడుస్తారనుకుంటే కేరింతలు కొట్టారు. ఆ తరవాత మండలి మీటింగులకు కట్టినంత అందమైన తోరణాలు ఏ అడవిలోనూ ఎవరూ చూసి ఉండరు. చలపతి ఎట్టకేలకు తనకు తగిన పని దొరికిందని అమ్మతో చెప్పాడు. అమ్మ వెళ్ళి తోరణాన్ని ఒక లాగు లాగి, "వదులు" అంది.

మయూరనాథం గారు రిపోర్టు పంపారు. పట్టుకుచ్చులూ గజ్జెలూ పెట్టిన నెల్లాళ్ళలోనే ఆడపిల్లల ఫలితాలు సున్నా నుంచి పంతొమ్మిదికి పెరిగాయని, ఇదే పథకం పక్క అడవులకూ విస్తరించాలని అందులో రాశారు. మండలి ఆయనకు శాలువా కప్పింది. శాలువా ఆడపిల్లలే నేశారు. అది ఆయనకు బాగా నప్పింది. ఆ సభలోనే మగపిల్లల వెనుకబాటు మీద కొత్త కమిటీ వేసి, చైర్మన్‌గా మళ్ళీ ఆయన్నే పెట్టారు.

తాయారు ఇప్పుడు అదే వర్క్‌షాప్‌లో చిన్న మేస్త్రి. కొత్త ఏడాది మొదటి రోజు ఒక ఉడుత పిల్ల వచ్చి, ఉలిని తలకిందులుగా పట్టుకుంది. వీరాచారి మాస్టారి ముక్కు అదిరింది.

"ఇలా..." అన్నారు.

అని నాలిక కరుచుకున్నారు. గిరుక్కున వెనక్కి తిరిగి, సౌందర్య పనిశాల నుంచి తనే మోసుకొచ్చి గోడకు తగిలించిన అద్దంలో తల దువ్వుకోవడం మొదలుపెట్టారు.

"అయిందా తల్లీ?" అని అద్దంలోకే చూస్తూ అడిగారు కాసేపటికి.

"లేదు మాస్టారూ, వంకరగా వస్తోంది" అంది ఉడుత పిల్ల.

"తొందరేం లేదమ్మా. నాకూ పాపిడి ఇంకా కుదరలేదు."

నీతి: ఆడపిల్లకు పనితనం నేర్పాలంటే, ముందుగా మాస్టారికి ఒక అద్దం కొనిపెట్టాలి.